చూచినదానిని వ్రాయుట

నవల నాటకమైనచో గౌరవము. నాటకము నవలయైనచో ఎంగిలి. మన సాహిత్యసభలలో ఈ తీర్పు నేను పలుమారులు వినియుంటిని. రంగముమీదనో తెరమీదనో ఒకమారు ఆడిన కథను మరల గద్యముగ వ్రాయువానిని రచయిత యనుటకే పెద్దలు సందేహింతురు. అందును ఆ కథ టెలివిజనులో వారము వారము ప్రసారమైనదై, కాలయంత్రముతోను గ్రహాంతరవాసులతోను కూడిన వైజ్ఞానిక కల్పనయైనచో, సందేహము కూడ నుండదు. అది పిల్లలను మభ్యపెట్టు వర్తకమని నిశ్చయింతురు. నా సహోపాధ్యాయులలో నొక పండితుడు ఇటీవల ఈ మాటయే నాతో ననెను. ఆయనయందు నాకు గౌరవము మెండు. కాని ఆ మాట యుక్తమని తోపలేదు. ఏల తోపలేదో పాఠకమహాశయుల ముందుంచుట మంచిదని ఈ వ్యాసమునకు బూనుకొంటిని.

ముందుగా మన యింటి సంగతి చూతము. కృష్ణమిశ్రుడు సంస్కృతమున రచించిన ప్రబోధచంద్రోదయ నాటకమును 15వ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగయ యను జంటకవులు తెనిగించిరి. వారు నాటకమును నాటకముగ తేలేదు, పద్యకావ్యముగ తెచ్చిరి. నటుడు ప్రవేశింపవలసిన చోట వర్ణనము ప్రవేశించినది. ఆ శతాబ్దముననే పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు కాళిదాసు నాటకకథను భారతకథతో గలిపి శృంగారశాకుంతలమను ప్రబంధముగ నల్లెను. వీరిని ఎంగిలి కవులని యెవ్వరును అనలేదు. దగ్గరి కాలమునకు వచ్చితిమేని, చలనచిత్రకథలను ‘వెండితెర నవల’లను పేర గద్యముగ వ్రాసి ప్రకటించుట తెలుగున ఒకప్పుడు వాడుకయై యుండెను; ముళ్లపూడి వెంకటరమణవంటి వచనరచయిత కూడ ఆ పని చేసినవాడే. కావున దృశ్యము శ్రవ్యమగుట మనకు క్రొత్త కాదు. క్రొత్తయైనది దానియెడల మనము చూపు తిరస్కారమే.

ఆ పనిలోని కష్టమెట్టిదో, ఫలమెట్టిదో నాకు తేటపరచినది ఆంగ్లదేశపు ఉదాహరణ మొకటి. బి.బి.సి. వారు 1963వ సంవత్సరము నవంబరు 23వ తేదీన ‘డాక్టర్ హూ’ అను ధారావాహికను టెలివిజనులో ప్రారంభించిరి. వెలుపల పోలీసువారి టెలిఫోను పెట్టెవలె చిన్నదై, లోపల విశాలమైయుండు యంత్రములో, కాలమందును ఆకాశమందును సంచరించు ఒక వృద్ధుని కథ యది. ఆ సంవత్సరాంతమున మొదలైన రెండవ కథను టెరీ నేషన్ వ్రాసెను. లోహకవచములలో దాగి, దయ యనునది యెరుగని డాలెకులను జాతి అందు తొలిసారి కానవచ్చినది. ఏడు భాగముల ఆ కథను, ధారావాహికకు కథాసంపాదకుడుగ నుండిన డేవిడ్ విటేకర్ 1964లో నవలగ వ్రాసెను. ఈ పరంపరలో మొదటి పుస్తకమదియే. 1973లో టార్గెట్ అను ప్రచురణమాల దానిని మరల అచ్చొత్తించి, మరుసటి యేటినుండి క్రొత్త నవలలను వెలువరింపసాగెను. రెండు దశాబ్దములలో నూటికి పైబడిన కథలు పుస్తకరూపము దాల్చినవి.

వానికంత ఆదరణ కలుగుటకు కారణము స్పష్టము. ఒకమారు ప్రసారమైన కథను మరల చూచుట ఆనాటి పిల్లలకు దుర్లభము. ఈ ధారావాహికలోని కథ యొకటి యింటిలో చూచుకొను వీడియో టేపుగ తొలిసారి అమ్మకమునకు వచ్చినది 1983లో. అంతకుముందు కథను మరల ననుభవింపవలెనన్న పుస్తకమే శరణ్యము. పైగా టేపులు ఖరీదైనవి. పునఃప్రసారమునకు నటులతోడి ఒప్పందములు అడ్డముగ నుండినవి. అందుచే బి.బి.సి. వారు 1960, 1970 దశకములలో పాత టేపులను చెరిపి వేరు కార్యక్రమములకు వాడుకొనిరి. ఈ ధారావాహికలో తొంబదికి పైగా భాగముల చిత్రములు అట్లు నష్టమైనవి. మార్కో పోలో ప్రయాణమునుగూర్చి 1964లో ప్రసారమైన ఏడు భాగములలో ఒక్కదాని చిత్రమును దక్కలేదు. నాడు ప్రేక్షకులు ఇండ్లలో పట్టియుంచిన శబ్దమును, కొన్ని ఛాయాచిత్రములును మిగిలినవి. దాని మూలరచయిత యగు జాన్ లూకరోటీయే 1984లో దానిని నవలగ వ్రాసెను. ఎంగిలి యని మనము విదిలించునదియే, విందు చెడిన పిదప మిగిలిన అన్నమైనది.

అయితే భద్రపరచుట యొక్కటియే ఈ పుస్తకముల ప్రయోజనమైనచో నేనింత వాదింపను. అది గుమాస్తా చేయదగిన పని. ఇరువది యేండ్ల క్రిందట హైదరాబాదులో, ఆదివారమునాడు అబిడ్స్ కాలిబాటలమీద పరచు పాతపుస్తకములలో, విటేకరు నవల నాకు దొరకినది. చిత్రమును చూడకయే పుస్తకమును చదివితిని. చాల యేండ్లకుగాని చిత్రము చూచు అవకాశము కలుగలేదు. అప్పుడొక వింత గమనించితిని. నా మనస్సున గాఢముగ నాటుకొన్న వానిలో కొన్ని చిత్రమున లేనేలేవు. గాజు కవచములోనుండి లోని వికృతరూపము కానవచ్చు డాలెకుల అధిపతి పుస్తకమున నున్నాడు, చిత్రమున లేడు. ఇది నకలు కాదనియు, వేరొక చేతి పనియనియు నాడు నాకు తెలిసినది.

ఆ పని యెట్టిదో భరతముని మాటలతోనే చెప్పవచ్చును. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయము నాలుగు విధములు. నవలగ వ్రాయువాని చేతికి వచ్చునది నాటకపు వ్రాతప్రతి. అందు చాలవరకు నుండునది వాచికము, అనగా సంభాషణము మాత్రమే. నటుని చేతి కదలిక, ముఖభంగిమ, వేషము, రంగాలంకరణము, కన్నీరు, వణకు, ఇవి యేవియు కాగితముమీద లేవు. నాలుగు స్తంభముల మంటపములో ఒక్క స్తంభము చేతికిచ్చి, తక్కిన మూడింటిని మాటలతో నిలబెట్టుమన్నట్లు. గద్యము కవులకు ఒరగల్లని మన పెద్దలు చెప్పినది ఇట్టి చోటనే నాకు చక్కగ బోధపడినది.

మూడింటిలో ఆహార్యము సులభము. టెలివిజనువారికి ధనము తక్కువ. రబ్బరు తొడుగులు, అట్టగోడలు చూడగనే తెలిసిపోవును. పుస్తకమునకు గాజు కవచమైనను, గ్రహమంతటి నగరమైనను ఒకటే వెల. ఆంగికమును కొలది మాటలలో సాధించినవాడు టెరెన్స్ డిక్స్. ఆయన ఆరు పదులకు పైబడిన కథలను ఇట్లు నవలలుగ జేసెను. ఒక్కొక్కటి సుమారు 120 పుటలు, చిన్న వాక్యములు, ఒక పాత్ర ప్రవేశింపగనే ఒకటి రెండు పంక్తులలో దాని రూపమును, నడవడిని కట్టి, వెంటనే కథలోనికి దిగును. పండితులు దీనిని తేలిక పని యనవచ్చును. పదేండ్ల బాలునిచే ఒక పుస్తకమును తుదిముట్ట చదివించుట తేలికయో కాదో పాఠశాలలో పనిచేయు వారికి తెలియును.

కష్టమైనది సాత్త్వికము. విటేకరు మొదట ఎదుర్కొన్న ప్రశ్న, ఈ కథ నెవ్వరు చెప్పవలెననునది. చిత్రములో యంత్రము చూచును, చెప్పువాడుండడు. అతడు ఇయాన్ చెస్టర్టన్ అను పాత్రచే ‘నేను’ అనిపించెను. అంతట ఇయాన్ లేని చోట జరిగినదానిని కన్నులార చూచినట్లు చెప్పుటకు వీలు లేకపోయెను. అది నష్టము. కాని భయము లోపలినుండి వినబడసాగెను. డాక్టరు మంచివాడో కాడో ఇయానునకు వలెనే చదువరికిని తెలియక మనస్సు ఊగిసలాడును. ఆరంభమునుగూడ అతడు మార్చెను. చిత్రములో ఇయాన్, బార్బరా ఒకే పాఠశాలలో ఉపాధ్యాయులు. పుస్తకములో వారు ముందు ఒకరి నొకరు ఎరుగరు. పొగమంచు కమ్మిన రాత్రి లండనులోని బార్న్స్ కామన్ అను మైదానమున, ఒక మోటారు ప్రమాదము కడ కలిసికొందురు. చిత్రమునకు వెనుక మరియొక కథ యున్నది, పుస్తకమునకు లేదు. స్నేహము చదువరి కన్నులముందే మొలకెత్తవలెను గనుక అతడట్లు చేసెను.

ఇంతకంటె దూరము పోయినవాడు మాల్కం హల్క్. 1970లో ప్రసారమైన తన కథనే అతడు 1974లో నవలగ వ్రాసెను. మానవులు పుట్టకమునుపు ఈ భూమి నేలిన సరీసృపజాతి యొకటి, ఆకాశమున దగ్గరకు వచ్చుచున్న చిన్న గ్రహమునకు వెరచి, భూగర్భమున దీర్ఘనిద్ర పోయెను. ఆ గ్రహమే మన చంద్రుడు. నేడు వారు మేల్కొని తమ భూమిని తమకిండని అడుగుదురు. చిత్రములో వారికి పేరులు లేవు. ముదుసలి, యువకుడు, శాస్త్రజ్ఞుడు అని మాత్రమే గుర్తింపు. నవలలో హల్క్ వారికి ఓక్డెల్, మోర్కా మొదలగు పేరులు పెట్టి, కథను వారి కన్నులతోనే ఆరంభించెను. నిద్రకు బోవు ముందు వారెట్లు వెరచిరో తెలిసికొన్న పిదపగాని మనము మానవులను చూడము. తుదకు సైనికులు వారి గుహలను ప్రేల్చివేయుదురు. చిత్రములో అది విషాదమే. పుస్తకములో మనకు పేరుతో తెలిసినవారి మరణము. రబ్బరు తొడుగు వెనుక చూపలేని హృదయమును అక్షరము చూపినది. శత్రువునకు పేరుపెట్టి, అతని వెరపేమో వినిపించుట సాహిత్యము చేయదగిన పనులలో గొప్పది కాదా? అది పిల్లల పుస్తకముననే జరిగినచో తక్కువ యగునా?

గద్యమునకు లొంగనివియు నున్నవని ఒప్పుకొనవలెను. డాలెకుల యాంత్రికస్వరము వినిన వారి చెవులలో నిలుచును. అక్షరములలో అది రాదు. రాన్ గ్రెయినర్ కట్టగ డెలియా డర్బిషైర్ విద్యుత్పరికరములతో రూపొందించిన ఆరంభసంగీతమును ఏ వాక్యమును మ్రోగింపలేదు. వారాంతమున కథ ప్రాణాపాయము కడ తెగినపుడు ఏడు దినములు ఎదురుచూచిన ఆ తహతహ, పుట త్రిప్పగనే తీరిపోవును. అయినను పోయినవానిని ఏడ్చుచు కూర్చుండక, తన చేతనైనదానిని పూర్తిగ చేయుటయే మంచి అనువర్తకుని లక్షణము.

ఇదంతయు విదేశపు ముచ్చట గదా, మనకేమి పని యని అడుగువారికి నా తరగతిగది సమాధానము. నా తొమ్మిదవ తరగతి విద్యార్థులు పగలును రేయియు దృశ్యములు చూచుచున్నారు. టెలివిజనులో కొంత, చేతిలోని ఫోనులో మిక్కిలి. చూచినదానిని పది పంక్తులలో చెప్పుమన్నచో, “చాలా బాగుంది సార్” అని నిలిచిపోవుదురు. కన్ను నిండినది, నోరు మాత్రము పెగలదు. ఇది వారి తెలివి తక్కువ కాదు. చూచినదానిని మాటగ మార్చుటను మనము వారికి నేర్పలేదు. అందుచే నిరుడు వారికొక పని పెట్టితిని. ఒక చలనచిత్రములో, చదువునకై పట్టణము పోవు కుమారుని తండ్రి బస్సెక్కించు ఘట్టమును గద్యముగ వ్రాయుడంటిని.

ఒక బాలుడు సంభాషణలన్నియు పొల్లుపోక వ్రాసెను. అతని జ్ఞాపకశక్తిని మెచ్చుకొంటిని, అది వాచికము. ఒక బాలిక మాత్రము తండ్రీకొడుకులను పక్కకు నెట్టి, క్షణకాలము తెరమీద కనబడి మాయమైన తల్లిని పట్టుకొన్నది. ఆమె గడపలో నిలిచి, ఆవకాయ సీసా మూత బిగిసియే యున్నను మరల మరల బిగించుచుండెనని వ్రాసినది. “అది సినిమాలో ఉందా అమ్మా?” అని అడిగితిని. “లేదు సార్. కానీ ఆమె ఊరికే నిలబడి ఉండదు కదా?” అన్నది. భరతముని విన్నచో సంతసించి యుండును.

ఆ మాటయే నా పండితమిత్రునకు నేను చెప్పదలచిన సమాధానము. తెర చూపి విడిచిన మనుష్యులు తెరవెనుక ఊరక నిలబడియుండరు. వారేమి చేయుచుండిరో, ఏమి తలచుచుండిరో చెప్పువాడు కావలెను. ఆ చెప్పుట చేతనైనవాడు సరీసృపముల కథ వ్రాసినను, మహారాజుల కథ వ్రాసినను రచయితయే. చేతగానివాడు పురాణమును తెనిగించినను లేఖకుడే. మన పిల్లలను దృశ్యములనుండి మరల్చుట నేడు మనవలన కాదు. చూచిన దృశ్యములోనికి వారిని కలముతో పంపుట మాత్రము మనవలన నగును. దానికి పెద్ద ధనము గాని, ప్రభుత్వపు టుత్తరువు గాని అక్కరలేదు. వారమునకు ఒక గంటయు, ఒక్కొక్క విద్యార్థికి రెండు పుటల కాగితమును చాలును. ఈ సంవత్సరము మా పాఠశాలలో శనివారపు చివరి గంటను నేను అందుకే కేటాయించితిని. తోటి ఉపాధ్యాయులు తమ తరగతులలో ఇట్టి ప్రయత్నము చేసి, పిల్లలు వ్రాసిన దానిని ఒండొరులకు చూపుకొందురేని మేలు కలుగునని నా నమ్మకము.