మూడవ సిలిండరు

పాత కారు గల సోదరీమణులకు పనికివచ్చునని యిది వ్రాయుచున్నాము. హంసలదీవిలో మా యింట కార్బ్యురేటరు కాలపు మారుతి 800 కలదు. మంచు కురిసిన యుదయములందు అది కుంటుచు వణకుచు నడచెడిది. ఎండ యెక్కినంతనే కుదుటపడెడిది. మెకానిక్కు ప్లగ్గులు మార్చి, కార్బ్యురేటరు కడిగినను గుణము కనబడలేదు. మగవారు అమ్మివేయుదమనిరి. అత్తగారిని అవనిగడ్డ ఆసుపత్రికి తీసికొనిపోవుటకు మాకు వేరొక యాధారము లేదు.

పెట్రోలు లోపమైనచో మధ్యాహ్నము మాత్రము విడుచునా? తేమయే మాకు ఆనవాలు.

ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగ నూడదీసి, మరల నడిపి చూచితిమి. (నడచుచుండగా తీగలను ముట్టరాదు, అందలి విద్యుత్తు వేల వోల్టులది.) మొదటి తీగ తీయగా ఇంజను ఆగిపోవునంత పని యయ్యెను. రెండవదియు నంతే. మూడవది తీసినను మార్పే లేదు. ఇంటిలో పని చేయనివారు ఊరికి పోయినట్లే!

ఆ ప్లగ్గును రెండవ సిలిండరుకు మార్చితిమి; రోగము దానివెంట పోలేదు. ఆ రాత్రి దీపములార్పి, బానెట్టు ఎత్తి, ఇంజను నడిపించి చూడగా, మూడవ తీగనుండి సన్నని నీలి మెరుపు ప్రక్కనున్న యినుముపైకి దూకుచుండెను. ఏండ్ల వేడికి తీగ తొడుగు బీటవారినది. ఆ బీటలో సముద్రపు టుప్పు, తేమ చేరి, ప్లగ్గునకు పోవలసిన విద్యుత్తును త్రోవలోనే దారి మళ్లించినవి. ఎండకు తేమ యారగానే ఆ దారి మూసికొనెడిది.

మచిలీపట్నమునుండి క్రొత్త తీగలు తెప్పించి వేయించితిమి. మరునాటి మంచులో బండి కుంటలేదు. అమ్మకపు మాట ఆగినది. ఇప్పుడు టైర్ల మాట మొదలైనది.