మా తర్వాత వాడి ఇల్లు

2024 సెప్టెంబర్ 14, శనివారం
ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా

మేధో వైకల్యం ఉన్న మా బాబుకి మా తర్వాత ఇల్లు కాగలదేమో చూద్దామని, ఈ రోజు వాణ్ణి తీసుకుని కింబర్టన్ హిల్స్ వెళ్లాం. మేబెల్ ప్యూ మిరిన్ అనే ఆవిడ భూమి ఇస్తే, 1972లో క్యాంప్‌హిల్ ఉద్యమం వాళ్లు నిలబెట్టిన పల్లె అది. 432 ఎకరాలు. పాడి, కూరగాయల తోట, బేకరీ ఉన్నాయి. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లు, లేనివాళ్లు, వాళ్ల పిల్లలు కలిసి ఒకే ఇళ్లలో ఉంటారు, ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటారు. ఏళ్ల తరబడి అక్కడే ఉండి పనిచేసేవాళ్లలో చాలామంది జీతం తీసుకోరు. వాళ్ల తిండి, గూడు, అవసరాలు పల్లెవే.

ఎక్కడా కుదురుగా నిలవని మావాడు ఆవుల దగ్గర నుంచి కదల్లేదు. ఆవుకి మాటలతో పనిలేదు. వేళకి మేత, వేళకి నీళ్లు, వేళకి పాలు. రోజూ ఒకేలా సాగే పని వాడికి భరోసా. ఆ పని వల్ల నలుగురికీ పాలు వస్తాయన్నది గౌరవం. పొలం నేర్పే చదువు ఇదే. క్యాంప్‌హిల్ వాళ్ల పిల్లల బడి బీవర్ రన్ కూడా దగ్గరే, గ్లెన్‌మూర్‌లో, 1963 నుంచి నడుస్తోంది.

సెప్టెంబర్ 22, ఆదివారం

క్యాంప్‌హిల్ పుట్టుక చదివాను. కార్ల్ కోనిగ్ వియన్నాలో పిల్లల డాక్టరు, పుట్టుకతో యూదుడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకోవడంతో దేశం వదిలి, చివరికి స్కాట్లండ్ చేరాడు. కొద్దిమంది తోటి శరణార్థులతో కలిసి, బడులు కాదన్న పిల్లల్ని దగ్గరికి తీశాడు. 1940లో అబర్డీన్ పక్కన క్యాంప్‌హిల్ అనే ఎస్టేటుకి మారే సమయానికి, శత్రుదేశస్థులంటూ మగవాళ్లని బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. జూన్ 1న ఆడవాళ్లే పిల్లల్ని వెంటబెట్టుకుని కొత్త ఇంట్లో అడుగుపెట్టారు.

అదే కాలంలో జర్మనీలో వైకల్యం ఉన్న పిల్లల్ని ప్రభుత్వమే చంపిస్తోంది. బతకడానికి తగరన్న పిల్లలతో కలిసి బతకడమే ఆ ప్రభుత్వానికి ఈ శరణార్థులు ఇచ్చిన జవాబు.

సెప్టెంబర్ 29, ఆదివారం

కింబర్టన్‌కి కాస్త దూరంలో స్ప్రింగ్ సిటీ దగ్గర పెన్‌హర్స్ట్ ఉంది. వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1908లో తెరిచిన ప్రభుత్వ సంస్థ. వేలమందిని కుక్కి, మంచాలకి కట్టేసి ఉంచారు. 1968లో విలేకరి బిల్ బల్డీని టీవీలో ఆ లోపలి బతుకుని చూపించాడు. 1974లో అక్కడ ఉంచిన తమ బిడ్డ కోసం హాల్డర్‌మన్ కుటుంబం కోర్టుకెక్కింది. 1977లో జడ్జి బ్రోడరిక్ అక్కడివాళ్లని ఊళ్లలోకి, ఇళ్లలోకి మార్చాలన్నాడు. 1987లో అది మూతపడింది. ఇప్పుడు హాలోవీన్ రోజుల్లో ఆ భవనాల్లో టికెట్లు పెట్టి దయ్యాల ఆట ఆడుతున్నారు. అక్కడ ఏడ్చినవాళ్లు మావాడిలాంటి పిల్లలు. అది వినోదం కాదు, కాకూడదు.

పెన్‌హర్స్ట్ భయం ఇక్కడి చట్టాల్లో ఇంకా ఉంది. 2014లో అమెరికా కేంద్ర ప్రభుత్వం వైకల్యం ఉన్నవాళ్ల నివాసాలకి నియమాలు పెట్టినప్పుడు, మనుషుల్ని వేరుచేసే అవకాశమున్న చోట్ల జాబితాలో ఇలాంటి పొలాలనీ చేర్చింది. 2019లో ఆ జాబితా తీసేసింది. అనుమానం సరైనదే. కానీ దాన్ని తీర్చుకోవాల్సింది చిరునామా చూసి కాదు. ఆ నియమాలే అడిగే ప్రశ్నలు ఉన్నాయి: గది తలుపుకి వాడే తాళం వేసుకోగలడా? ఎప్పుడైనా చుట్టాలు రావచ్చా? ఆకలేసినప్పుడు తినవచ్చా? ఎవరితో ఉండాలో వాడికి ఎంపిక ఉందా? వీటికి అవునని చెప్పే చోటు పొలమైనా ఇల్లే. కాదనే చోటు నడి ఊళ్లో ఉన్నా పెన్‌హర్స్టే.

అక్టోబర్ 13, ఆదివారం

నిన్న దసరా. ఫోన్లో అత్తయ్యగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "వాణ్ణి హాస్టల్లో పడేస్తారుటమ్మా?"

"హాస్టల్ కాదండీ అత్తయ్యగారూ, ఇల్లు. మనం ఉండగానే అలవాటైతే, మనం లేని రోజున వాడు కొత్తవాళ్ల మధ్య పడడు" అన్నాను. కాసేపటికి, "మరి పెరుగన్నం పెడతారా?" అని అడిగారు. అడుగుతాను. అది అడగవలసిన ప్రశ్నే.

మన దేశంలోనూ తల్లిదండ్రులది ఇదే బెంగ. 1999లో ఇలాంటి పిల్లల కోసం నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద పెద్దయిన పిల్లల నివాసాలకి 'ఘరౌందా' అనే పథకమూ పెట్టారు. కానీ పథకం నడవాలంటే ఇల్లు కట్టి, మనుషుల్ని నిలబెట్టే సంస్థ ఊళ్లో ఉండాలి.

నవంబర్ 10, ఆదివారం

ఈయన, నేను లెక్కలు వేసుకున్నాం. 21, 22 ఏళ్లు వచ్చేసరికి వాడికి బడిలో హక్కిచ్చే చట్టం చేయి వదిలేస్తుంది. తర్వాత దిక్కు మెడికెయిడ్ వేవర్ అనే ప్రభుత్వ సాయం. పెన్సిల్వేనియాలో దానికి వరస ఉంది: అత్యవసరం, తీవ్రం, ముందు ముందు అవసరం అని మూడు మెట్లు. వేవర్ వచ్చినా అది సాయం చేసే మనిషికి జీతమిస్తుంది, అద్దెకీ తిండికీ ఇవ్వదు. వాడి పేరున రెండు వేల డాలర్లు దాటి పొదుపు ఉంటే ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఎస్.ఎస్.ఐ. భృతి ఆగిపోతుంది. అందుకే ఆస్తి నేరుగా వాడి పేర పెట్టకుండా స్పెషల్ నీడ్స్ ట్రస్ట్ రాయిస్తున్నాం.

అంటే సేవకి ప్రభుత్వం డబ్బు ఉంది. ఇంటికి, పొలానికి, కప్పు మరమ్మతుకి లేదు. ఇలాంటి సంస్థలు చందాల మీద ఆధారపడేది అక్కడే.

డిసెంబర్ 1, ఆదివారం

ఇక్కడి మన తెలుగువాళ్ల సమావేశంలో చెప్పాల్సినవి రాసుకుంటున్నాను. ఊళ్లో గుడికి, చదివిన బడికి ఇచ్చే చేతులు మనవి. అందులో ఒక పాలు ఇలాంటి పల్లెలకీ ఇవ్వాలి. పుట్టినరోజుకి ఒక్కసారి ఇచ్చి ఊరుకోకుండా, చిన్న మొత్తమైనా నెలనెలా ఇవ్వండి. ఆవులకి మేత నెలనెలా కావాలి. ఫలానా దానికే అని ముడిపెట్టకండి. మీ చందాకి మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తుందేమో చూడండి, ఆ ఫారం నింపండి. వాళ్ల తోటలో పండే కూరగాయల్లో వాటా కొనండి. వీలునామాలో ఒక్క పంక్తి రాయండి. అన్నిటికన్నా ముందు, మీ పిల్లల్ని తీసుకెళ్లి వాళ్ల బల్ల దగ్గర కూర్చోబెట్టండి. పొరుగువాళ్లు రాని ఊరు ఎంత పచ్చగా ఉన్నా అందరి ఊరు కాదు.

మా ఇంటి నుంచి నెల చందా ఈ నెలతోనే మొదలవుతుంది. ఇంట్లో ఇలాంటి బిడ్డ లేనివాళ్లు కూడా కలిసి రావాలి.