దాదిపంట

ఆళ్ళగడ్డ అనగానే బయటివారికి గుర్తొచ్చేవి రాతిశిల్పాలు, అహోబిలం దారి. అక్కడ పుట్టినవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది నేల. పడమర కుందూ వైపు నల్లరేగడి, తూర్పున నల్లమల పాదాల దగ్గర ఎర్ర గరపనేల. ఆ గరపనేలలో మా చిన్నాయన రెండేళ్ళ క్రితం 20 సెంట్లలో లూసర్న్ గడ్డి వేశాడు. ఆ చిన్నమడి గురించీ, దానివల్ల నాకు అవసరమైన ఒక తెలుగు మాట గురించీ ఈ నాలుగు ముక్కలు.

లూసర్న్ మనకు కొత్తదేమీ కాదు. అమెరికావాళ్ళు అల్ఫాల్ఫా అనేది దీన్నే. కన్నడంలో ‘కుదురె మసాలె’ అంటారు. గుర్రాల మేతగా దానికున్న పేరును ఆ మాటే చెబుతుంది. ఎండు బరువులో సుమారు 20 శాతం మాంసకృత్తులుంటాయి. జొన్నచొప్ప ఇందులో నాలుగోవంతుకైనా రావడం కష్టం. ఒకసారి నాటుకుంటే మూడు నాలుగేళ్ళు కోస్తూనే ఉండవచ్చు. అయితే నీళ్ళు నిలిస్తే బతకదు. అందుకే కాలువ కింది రేగడిని వదిలి చిన్నాయన ఎర్రనేలకు వెళ్ళాడు.

చిక్కంతా మొదటి రెండు నెలల్లోనే. విత్తనం ఆవగింజకన్నా పెద్దదేమీ కాదు. మొలిచాక తన బలమంతా వేరుకే పెడుతుంది; పైన మాత్రం ఎదుగూబొదుగూ కనబడదు. ఈలోగా కలుపు కమ్మేస్తుంది. ఎండ, గాలివాన లేతమొలకను బతకనివ్వవు. అందుకని దానితోపాటు త్వరగా లేచే మరో పంటను పలుచగా చల్లి, దాని చాటున దీన్ని పెంచడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. చలిదేశాల్లో ఎక్కువగా ఓట్సు, బార్లీ వేస్తారు. మన ఉత్తరాదిన బర్సీం గడ్డిలో ఆవాలు కలుపుతారు.

ఇది చిన్నాయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మా వైపు అయిదుసాళ్ళు కొర్ర, ఒకసాలు కంది వేయడం అందరికీ తెలిసిన సేద్యమే. కొర్ర చకచకా లేచి నేలను కప్పి, మూడు నెలల్లోపే కోతకొచ్చి తప్పుకుంటుంది. 1906 నుంచి ఉన్న నంద్యాల పరిశోధనా కేంద్రం వారి సూర్యనంది రకమైతే 70, 75 రోజులే. ఆ తర్వాత మిగిలిన పదునూ వెలుతురూ కందివి. అప్పటిదాకా పుల్లలా నిలబడ్డ కంది అక్కడినుంచి కొమ్మలు చాస్తుంది.

జొన్న వేయమని కొందరన్నారు. చిన్నాయన ఒప్పుకోలేదు. జొన్న నిలువెత్తు పెరిగి నీడతోనే చంపుతుంది. పైగా కోసిన మోళ్ళకు నీళ్ళు చాలకపోతే వచ్చే పిలకల్లో నాము ఉంటుంది. తిన్న పశువు దక్కదు. చివరికి రెండు కిలోల లూసర్నుకు మూడు కిలోల ఓట్సు చొప్పున అనుకున్నాడు. ఉత్త ఓట్ల పంటకు వేసేదాంట్లో ఇది సగం కూడా కాదు. ఆ నేలలో లూసర్న్ అదే మొదలు గనుక, దానికి ప్రత్యేకించిన రైజోబియాన్ని బెల్లంనీళ్ళలో కలిపి విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టాడు. అక్టోబరు చివర, గోరులోతు మించకుండా విత్తాడు.

55 రోజులకు ఓట్సు నడుమెత్తు లేచింది. కింద లూసర్న్ జానెడు. అప్పుడు ఇంట్లో మాట పడింది.

“ఇంకో రెణ్ణెల్లు నిలబెడితే గింజొస్తాది, ఎండుగడ్డొస్తాది. ఎండాకాలం ఎనుములకు ఏం పెడదాము?” అంది చిన్నమ్మ. ఆ ఏడు చొప్ప కరువు. మూడు ఎనుముల పాలడబ్బుతోనే చెల్లెలి నంద్యాల చదువు నడుస్తోంది. ఆమె అడిగింది ఊరికే కాదు.

చిన్నాయన అన్నది ఇంతే: “కందిలో కొర్రను సంక్రాంతిదాకా పెట్టుకుంటారా ఎవరన్నా?”

చివరికి మూడు సెంట్లు ఆమెకు వదిలి, తక్కినదంతా నాలుగువేళ్ళ మోడు ఉంచి పచ్చిమేతగా కోసేశారు. జనవరి ఆఖరుకు ఆ 17 సెంట్లలో లూసర్న్ మొదటికోతకు వచ్చింది. తర్వాత నెల నెలకూ ఒక కోత. పచ్చిదొక్కటే పెడితే కడుపుబ్బరం వస్తుందని ఉన్న కాస్త చొప్పలో కలిపి పెట్టేవారు. ఒకచోట విత్తనంతో వచ్చిన బంగారుతీగ కనబడితే, పూతకు రాకముందే అల్లుకున్న మొక్కలతో సహా పీకి కాల్చారు.

వదిలిన మూడు సెంట్లలో ఫిబ్రవరిలో ఓట్సు కోశాక చూస్తే, కింద పాలిపోయిన దారప్పోగుల్లాంటి మొక్కలు అక్కడొకటి, ఇక్కడొకటి. మళ్ళీ చల్లి పూడ్చుకుందామంటే అదీ అంత సులువు కాదు. ఏడాది దాటిన లూసర్న్ మొక్కలనుంచి మట్టిలో చేరే పదార్థాలు తన జాతి మొలకలనే ఎదగనివ్వవు. మొదట పడిన బోసి చివరిదాకా బోసే.

అయినా చిన్నమ్మది తప్పని నేననను. ఆ మూడు సెంట్ల ఎండుగడ్డే మే నెలలో పదిరోజులు గడిపింది. నాలుగేళ్ళ మేత గురించి ఆలోచించాలంటే ముందు ఈ వేసవి దాటాలి గదా. చిన్న రైతు ఇంట్లో ఎప్పుడూ ఉండే తగువే ఇది. ఈసారి ఇంకో మడి వేస్తూ ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. లూసర్నులోని ఓట్సు వేళకు కోసేయాలి. ఎండుగడ్డికని విడిగా అయిదు సెంట్ల ఓట్సు వేయాలి. అడిగింది చిన్నమ్మే.

ఇక మాట సంగతి. ఇలా ఇంకొక పంటను సాకే పంటను ఇంగ్లీషులో నర్స్ క్రాప్ అంటారు. తెలుగులో ఏమందాం? ‘తోడుపంట’ అంటే చివరిదాకా వెంట ఉండేదనిపిస్తుంది. ‘కప్పుపంట’ అంటే కప్పడం తెలుస్తుందిగానీ, తప్పుకోవడం తెలియదు. నాకు ‘దాదిపంట’ నచ్చింది. దాది పరాయిబిడ్డకు పాలిచ్చి సాకుతుంది, బిడ్డకు కాళ్ళొచ్చాక తన దారిన వెళుతుంది. చిన్నాయనకు ఫోనులో ఈ మాట చెబితే కాసేపు ఊరుకుని, “బాగుంది గానీ అబ్బాయా, దాదికి కూలి కూడా ఇయ్యాల గదా” అన్నాడు. పచ్చిమేతగా ఎనుములకు వేసిన ఓట్సు ఆ కూలే అనుకోవాలేమో.

మీ ఊళ్ళలో రైతుల నోట ఇంతకన్నా మంచిమాట ఉంటే చెప్పండి. నా మాటను సంతోషంగా వెనక్కు తీసుకుంటాను.