షట్‌డౌన్ వారం, వేయి పేజీలు

అమెరికాలో క్రిస్మస్‌కూ జనవరి 1కీ మధ్య వచ్చే వారానికి చట్టంలో ప్రత్యేకమైన హోదా ఏమీ లేదు. ఫెడరల్ సెలవులు ఏడాదికి 11. ఆ వారానికి అటూ ఇటూ ఉన్న రెండు రోజులూ వాటిలోవే, అయితే అవి వర్తించేది ప్రభుత్వ కార్యాలయాలకు. ప్రైవేటు ఉద్యోగికి జీతంతో కూడిన సెలవు ఇచ్చితీరాలనే చట్టం దేశం మొత్తానికీ లేదు. అయినా చాలా కంపెనీలు ఆ వారం పని ఆపేస్తాయి. ఉద్యోగుల భాషలో అది ‘షట్‌డౌన్’. కొన్ని కంపెనీలు ఆ రోజులను ఉద్యోగి సెలవుల్లోంచే తగ్గించుకుంటాయి, అది వేరే సంగతి.

ఏప్రిల్‌లో ఒక్కరే సెలవు పెడితే పని ఆగదు. తిరిగి వెళ్లేసరికి మెయిళ్లు గుట్ట పడి ఉంటాయి. అందరూ ఒకేసారి మానిన వారంలో మాత్రం అడిగేవాళ్లుండరు, అందుకే పుస్తకం పట్టుకోవడానికి ధైర్యం వస్తుంది. కాకపోతే డిసెంబరు 26 హైదరాబాదులోని చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మామూలు పనిదినం. అమెరికాలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కాళ్లు చాపుకుని చదువుకుంటుంటే, అదే ప్రాజెక్టును కనిపెట్టుకుని ఉండేది చాలాసార్లు హైదరాబాదులోని మరో తెలుగువాడే. ప్రవాసుల సెలవు కబుర్లలో ఈ లెక్క అంతగా వినిపించదు.

షికాగోలో ఆ రోజుల్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. చదువుకోవడానికి అంతకన్నా అనువైన కాలం లేదు. తెలుగు పుస్తకం దొరకడమే కష్టం. దానికి విరుగుడు పాత గోధుమల లెక్కల్లో ఉంది. 1954లో చేసిన పబ్లిక్ లా 480 కింద అమెరికా భారత్‌కు గోధుమలు అమ్మి, ధరను రూపాయల్లో తీసుకునేది. అలా పోగుపడిన రూపాయల్లో కొంత వెచ్చించి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. షికాగో, విస్కాన్సిన్ వంటి చోట్ల తెలుగు బీరువాలు నిండింది ఎక్కువగా ఈ దారినే. మన ఆకలికి వచ్చిన గోధుమల ఖరీదుతో మన నవలలు అమెరికాకు చేరాయన్నమాట.

వాటికోసం విశ్వవిద్యాలయం దాకా వెళ్లనక్కర్లేదు. చిన్న ఊరి లైబ్రరీ కార్డుతోనే ‘ఇంటర్‌లైబ్రరీ లోన్’ అడగవచ్చు. ఒక్కటే పేచీ: కేటలాగులో తెలుగు పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, దీర్ఘాల మీద అడ్డగీతలతో ఉంటాయి. ‘వేయిపడగలు’ అనే నవల పేరు ఒక మాటా, రెండు మాటలా అన్నది నమోదు చేసినవారి ఇష్టం. రెండు విధాలా వెతకాలి.

ఆ నవలే ఈ వారానికి తగిన పరీక్ష. విశ్వనాథ సత్యనారాయణ దాన్ని 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిపెట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో బహుమతి పంచుకుంది. సుమారు వేయి పేజీలు. ఏడు రోజులకు పంచితే రోజుకు 143. ఏళ్ల తరబడి తెరమీద ఇంగ్లిషే చదివిన కళ్లకు మొదటిరోజు నలభై దాటడమే గగనం. పైకి చదివితే వాక్యం దారికొస్తుంది. మూడోరోజుకు గొంతు అవసరం ఉండదు.

ఆలోచన అక్కణ్నుంచి మొదలవుతుంది. నవలలోని ఊరు సుబ్బన్నపేట పాడుబడుతోందని కథానాయకుడు ధర్మారావు పడే బాధ ఊరు వదిలివచ్చినవారికి సూటిగా తగులుతుంది. ఆ ఊరి పాత కట్టుబాట్లే నిలిచి ఉంటే తాము ఊరు దాటగలిగేవాళ్లమా అన్న ప్రశ్నా వెంటే వస్తుంది. ఎవరు ఏ కులంలో పుట్టారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పుస్తకం గొప్పదే. దాన్ని ఒప్పుకుంటూ చదవనక్కర్లేదు.

చదవదలచినవారు నవంబరులోనే పుస్తకం అడిగిపెట్టుకోవాలి. క్రిస్మస్ వారంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చాలావరకు మూసే ఉంటాయి.