అత్తయ్య బరువు, డై లెక్క

మా అత్తయ్యగారి తలలో ఓ చిన్న గడ్డ ఉంది. మెనింజియోమా అంటారు. మెదడులో కాదు, మెదడు మీదుండే పొరలో పుడుతుంది. చాలావరకు క్యాన్సర్ కాదు. "ఈ వయసులో కదపొద్దు, ఏడాదికోసారి ఎమ్మారై తీసి చూసుకుందాం" అన్నారు డాక్టరుగారు. అప్పట్నించి ఏటా సంక్రాంతి వెళ్ళగానే మా ఇంట్లో స్కానింగు పండగ.

మొదటిసారి "డై ఎక్కిస్తారు" అనగానే ఆవిడ, "డెబ్భై దాటాక నాకు రంగెందుకే, తెల్లజుట్టు బానే ఉందిగా" అన్నారు. నిజానికి అది రంగు కాదండీ, నీళ్ళలా ఉండే మందు. అందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. విడిగా అయితే విషమే, అందుకని ఇంకో పదార్థంతో గట్టిగా బంధించి ఇస్తారు. మెదడులో రక్తనాళాల గోడలు ఈ మందుని గడప దాటనివ్వవు. గడ్డల్లో ఆ కాపలా ఉండదు. మందు అక్కడికి చేరి, ఫిల్ములో ఆ చోటు తెల్లగా వెలుగుతుంది.

ఎంత ఎక్కించాలన్నది మనిషి బరువును బట్టి ఉంటుంది. సాధారణంగా కిలోకి 0.1 మిల్లీమోల్. మామూలుగా వాడే మందుల్లో అది కిలోకి 0.2 ఎమ్మెల్. గాడోబ్యూట్రాల్ లాంటిది రెట్టింపు చిక్కన కాబట్టి 0.1 ఎమ్మెలే. పక్క మంచం ఆవిడకి ఆరు, మనకి పన్నెండు అని కంగారుపడక్కర్లేదన్నమాట.

ఈ ఏడు కౌంటర్లో అబ్బాయి పాత ఫైలు చూసి బరువు 71 అని రాసేస్తున్నాడు. "మళ్ళీ చూడండి బాబూ" అన్నాను. "పోయినేడాదిదే కదా మేడమ్, పర్లేదు" అన్నాడు. పర్లేకపోవడమేంటి? ఆషాఢంలో మామయ్యగారు పోయినప్పట్నించీ అత్తయ్యకి చీర కుచ్చిళ్ళు రెండు ఎక్కువొస్తున్నాయి. జాకెట్లన్నీ నేనే కుట్లేసి బిగించాను. నేను కదలకపోయేసరికి మిషను ఎక్కించాడు.

59.

అత్తయ్య ఆ అంకె చూసి, చెప్పుల కోసం వెతుకుతున్నట్టు తల దించుకున్నారు.

పాత బరువుకి 14.2 ఎమ్మెల్, ఇప్పటి బరువుకి 11.8. తేడా అర టీస్పూను. మా వంటల్లో అయితే అదో లెక్కే కాదు. కానీ ఆవిడకి ఇరవయ్యేళ్ళుగా షుగరు. ఈ మందు మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి చర్మం బిగుసుకుపోయే జబ్బు వచ్చిందని, దానికీ ఈ మందుకీ సంబంధం ఉందని 2006లో బయటపడింది. అందుకే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. ఆవిడది ఫర్వాలేదు.

"అయితే ఇంకాస్త తగ్గించెయ్యకూడదా?" అని లోపలి డాక్టరమ్మని అడిగాను. తగ్గిస్తే చిన్న మచ్చలు కనిపించకుండా పోవచ్చట. పైగా ఏటా ఒకే కొలత ఉంటేనే పాత ఫిల్ము పక్కన కొత్తది పెట్టి పెరిగిందో లేదో చెప్పగలరట. 2022లో అమెరికాలో అనుమతి వచ్చిన గాడోపిక్లెనాల్ అనే మందుకి సగం మోతాదే చాలు. మందు ఘాటు అలాంటిది కాబట్టి సరిపోతుంది, పాతదాన్ని సగం చేస్తే కుదరదు.

రిపోర్టు వచ్చింది. గడ్డ అంతే ఉంది. డాక్టరుగారు ఫిల్ము పక్కన పెట్టి, "దీని సంగతి సరేనమ్మా, ఈ పన్నెండు కిలోలేంటి?" అన్నారు. రక్తపరీక్షలు రాశారు, షుగరు మాత్రలు మార్చారు. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్కదాన్నే కంచం ముందు కూచోబుద్ధి కావట్లేదండీ" అన్నారు.

ఇప్పుడు పన్నెండున్నరకి నా కంచమూ ఆవిడ కంచం పక్కనే పెడుతున్నాను. మామయ్యగారికి ఇష్టమని మానేసిన వంకాయ కారం మొన్న ఆవిడే చెయ్యమన్నారు. నిన్న మిషను మీద 61.