ఇంట్లో ఇద్దరు విద్యార్థులు

మన క్లాసులో నేనే పెద్దదాన్ని. మొదటి రోజు నేను తలుపు దగ్గరికి రాగానే ముందు బెంచీలో ఇద్దరమ్మాయిలు లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. వాళ్లెవరో ఇక్కడ రాయను, వాళ్లకి తెలుసు. నేను పోయి వెనక బెంచీలో కూర్చున్నాక వాళ్లూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి అందరికీ "అక్క"నయ్యాను. నాకు ముప్పై ఒక్కేళ్లు. నాలుగో తరగతి చదివే కూతురుంది.

"నీ రోజు ఎట్లా గడుస్తుందో గోడపత్రికకి రాయమ్మా" అని మేడమ్ అన్నప్పుడు, నా రోజులో రాయడానికేముంది అనుకున్నాను. కూర్చుని రాయబోతే, ఎవరికీ చెప్పని సంగతొకటి అడ్డమొచ్చి కూర్చుంది. దాన్ని పక్కకి తోసి రాయడం నా వల్ల కాలేదు. అందుకే అదే రాస్తున్నాను.

ముందు నా రోజు చెప్తాను. నాలుగున్నరకి లేస్తాను. ఐదింటికి మా వీధి చేతిపంపులో నీళ్లొస్తాయి. ఆరు బిందెలు పడితే ఆ పూటకి గండం గడిచినట్టు. వంట చేసి, మా చిన్నికి రెండు జడలు వేసి, ఏడున్నరకి పెరంబూరులో బస్సెక్కుతాను. 2021 నుంచి మామూలు బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు కాబట్టి నా చదువుకి దారి ఖర్చు మిగిలింది. లేకపోతే ఇంట్లో ఇంకో లెక్క చెప్పాల్సి వచ్చేది. ఒంటిగంటన్నర దాకా కాలేజీ. రెండింటికి పురసవాక్కంలో ఒక బట్టల షాపులో బిల్లింగు కౌంటరు. రాత్రి తొమ్మిదింటికి లెక్క అప్పజెప్పి ఇల్లు చేరేసరికి పావుతక్కువ పది. మా ఆయన కంటైనర్ లారీ నడుపుతాడు. హార్బరు బయట క్యూలో లారీ నిలబడిపోతే రెండు రోజులకి గానీ ఇంటికి రాడు. చిన్నిని చూసుకునేది మా అత్తమ్మే.

నేను పుస్తకం తెరిచేది బస్సులోనే. ఛందస్సు అంతా బస్సులోనే నేర్చుకున్నాను. భ ర న భ భ ర వ అని గొణుక్కుంటూ ఉంటే పక్కనామె నేనేదో మంత్రం చదువుతున్నాననుకుని కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

ఇంతవరకూ నవ్వుకునే సంగతులు. ఇక అసలుది.

పోయిన దీపావళి సీజన్లో షాపు రాత్రి పదిన్నర దాకా ఉండేది. ఇంటికొచ్చేసరికి పదకొండు దాటేది. చిన్ని డైరీ బల్ల మీద తెరిచి పెట్టి ఉండేది, పక్కనే పెన్ను. టీచరు ఏదో రాసి ఉంటారు, కింద నేను సంతకం పెడతాను. అట్లా మూడుసార్లు పెట్టాను. నాలుగోసారి టీచరే ఫోన్ చేశారు. "మూడుసార్లు రమ్మని రాశాను. మీరు సంతకం పెట్టారు. ఒక్కసారీ రాలేదేం?" అన్నారు.

మర్నాడు షాపుకి గంట పర్మిషన్ పెట్టి స్కూలుకి వెళ్లాను. టీచరు డైరీ నా ముందుకి తోశారు. నేను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి, "కొంచెం చదివి చెప్పండి" అన్నాను. అప్పుడు ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. చదివి చెప్పారు. మొదటిది, అమ్మాయి క్లాసులో నిద్రపోతోందని. రెండోది, హోంవర్కు చేసుకు రావడం లేదని. మూడోది, తప్పకుండా వచ్చి కలవమని.

"మీరు ఎం.ఏ. చదువుతున్నారని పాప చెప్పిందే!" అన్నారు టీచరు. అవునన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

మీలో కొందరికి నా సంగతి తెలిసే ఉంటుంది, మీ ఇళ్లలోనూ ఉండే సంగతే. మా తాత గూడూరు వైపు నుంచి బిన్నీ మిల్లులో పనికి వచ్చాడు. 1996లో మిల్లు మూసేసినా మేం వెనక్కి పోలేదు. పోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. అప్పట్లో మాకు తమిళం పాఠం లేదు. తమిళం మాట్లాడతాను, బేరమాడతాను, పోట్లాడతాను. బస్సు బోర్డు చదువుతాను, అచ్చు అక్షరాలు కూడబలుక్కుంటాను. గబగబా రాసిన చేతిరాత మాత్రం నాకు ముగ్గులాగే కనపడుతుంది. 2006లో వచ్చిన చట్టంతో నా తర్వాతి పిల్లలందరూ ఒకటో తరగతి నుంచే తమిళం చదువుతున్నారు. ఉన్న ఊరి భాష చదవడం రావాలి, దాంట్లో తప్పేమీ లేదు. కానీ మా ఇంట్లో ఏమయిందంటే, నేను చదివేది చిన్నికి రాదు, చిన్ని చదివేది నాకు రాదు. ఇద్దరం మాట్లాడుకునేది ఒకటే భాష, రాసుకునేవి రెండు.

ఆ రాత్రి చిన్నిని కూర్చోబెట్టి అడిగాను. తిట్టకూడదని ముందే అనుకుని అడిగాను.

"డైరీలో ఏం రాసుందో నాకెందుకు చెప్పలేదే?"

"నీకు చదవను రాదు గదమ్మా" అంది. దాచిపెట్టాలని చెప్పిన మాట కాదది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"క్లాసులో నిద్రెందుకు పోతా ఉండావు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "నువ్వొచ్చేదాకా నాకు నిద్ర రాదు. జేజి పండుకోమంటాది. నేను కళ్లు మూసుకోనుంటా. నువ్వు గేటు తీసిన సద్దు వినపడినాకే నిద్రపోతా."

నేను రోజూ గేటు మెల్లగా తీసేదాన్ని, పిల్ల నిద్ర చెడిపోతుందని. మూడు వారాలు ఆ పిల్ల కళ్లు మూసుకుని ఆ చప్పుడు కోసమే ఎదురుచూసింది.

మర్నాడు బస్సులో కూర్చుని, కాలేజీ మానేస్తున్నానని లెటరు రాశాను. కారణం అన్నచోట "కుటుంబ పరిస్థితులు" అని రాశాను. హాజరు అప్పటికే 75 శాతం కిందికి పోయింది. ఎవరూ నన్ను మానమనలేదు. ఎవరైనా అనే ముందే మనమే అనేసుకుంటాం కదా, అట్లా అనుకున్నాను. ఆ లెటరు నాలుగు రోజులు సంచిలో ఉంది. మేడమ్ టేబులు దాకా రెండుసార్లు వెళ్లి, నోట్సు గురించి ఏదో అడిగి వచ్చేశాను.

నాలుగో రోజు అత్తమ్మకి చెప్పాను. ఆమె నా చదువుని ఎన్నడూ మెచ్చుకున్న మనిషి కాదు. "ఈ వయసులో నీకు పరీక్షలేంది మే" అనే అంటుంది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చింతపండు పిసుకుతా ఉంది, చెయ్యి ఆపకుండా అడిగింది.

"కాలేజీ ఎన్నింటికి విడుస్తారు?"

"ఒంటిగంటన్నరకి."

"బిడ్డ స్కూలు నుంచి వచ్చేది?"

"నాలుగింటికి."

"మరి రాత్రి పది దాకా నిన్ను బయట ఉంచేది కాలేజీనా, షాపా? కాలేజీ మానితే బిడ్డ స్కూల్లో ఉన్నప్పుడు నువ్వు ఇంట్లో ఉంటావు. దాని వల్ల ఎవరికి లాభం?"

నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. బిల్లింగు కౌంటరులో రోజుకి ఎన్ని కూడికలు, తీసివేతలు చేస్తాను! ఈ ఒక్క లెక్క నాకెందుకు తోచలేదు? ఆలోచిస్తే కారణం ఇదే అనిపించింది. ఇంట్లో ఏది చెడినా ముందు తియ్యాల్సింది మన చదువే అని మనకి లోపలెక్కడో రాసిపెట్టి ఉంది. జీతం అవసరం, వంట అవసరం, నీళ్లు అవసరం. చదువు మాత్రం మనం ముచ్చటకి పెట్టుకున్నది. కాబట్టి నేరం ఎవరిదైనా శిక్ష దానికే. మగవాడు రాత్రి ఎంతసేపటికి ఇంటికొచ్చినా "పని" అంటాం. మనం పనీ చేసి, చదివీ ఆలస్యంగా వస్తే "చదువు" అంటాం.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి మనం చదువుకున్నాం. ఆమె 1937లో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టింది మన ఊళ్లోనే. చిన్నప్పుడే పెళ్లయి చదువాగిపోయిన ఆడవాళ్లని కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకి తయారు చేశారు. ఆమెకీ ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, తర్వాత ఆ బంధం వదులుకుని చదువుకున్నారు. పరీక్ష కోసం అదొక ఐదు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టాను. ఆ క్లాసుల్లో కూర్చున్న ఆడవాళ్ల ఇళ్లలో పిల్లలు ఎవరి కోసం మేలుకుని ఉన్నారో, వంటింట్లో ఏ అత్త ఏ ప్రశ్న వేసిందో అని ఇప్పుడు అనిపిస్తుంది.

సీజను అయిపోయాక షాపులో మాట్లాడాను. ఎనిమిదింటికే వదలమన్నాను. పన్నెండు వందలు తగ్గిస్తామన్నారు. సరేనన్నాను. ఆ పన్నెండు వందలు ప్రతి నెలా ఎక్కడో ఒకచోట తెలుస్తూనే ఉంటాయి, తెలియదని అబద్ధం చెప్పను. కాలేజీలో హాజరు తగ్గినందుకు ఫైను కట్టి పరీక్ష రాశాను. రెండు పేపర్ల మార్కులు చెప్పుకునేటట్టు లేవు. లెటరు మాత్రం చింపేశాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిది నుంచి పది దాకా మా ఇంట్లో స్కూలు. ఒకటే బల్ల, అటు చిన్ని, ఇటు నేను. ముందు అరగంట తను నాకు టీచరు. డైరీలో ఆ రోజు రాసింది నాతో చదివిస్తుంది. తప్పు చదివితే స్కేలుతో బల్ల మీద కొడుతుంది, వాళ్ల మిస్సు అట్లానే కొడతారేమో. తర్వాత అరగంట నేను టీచరు. "ఒక క చాలదా? నాలుగు క లు ఎందుకమ్మా మీకు?" అని దాని ఫిర్యాదు. తమిళంలో అన్నిటికీ ఒకటే అక్షరంతో సరిపెడతారు మరి.

గురువు, లఘువు గుర్తులు పెట్టడం దానికి ఆటలాగా ఉంది. ఒకరోజు "అమ్మ" అని రాసి గుర్తులు పెట్టింది, ముందు గురువు, వెనక లఘువు. "చిన్ని" అని రాసి పెడితే అదీ అంతే. "ఇద్దరిదీ ఒకటేనమ్మా!" అని గంతులేసింది.

నాకు అన్నిటికంటే కష్టం, తమిళం అనే మాటలోనే ఉండే ఆ అక్షరం. నేను పుట్టినప్పటి నుంచి దాన్ని ళ అనే పలుకుతున్నాను. "నాలుక మడువమ్మా, ఇంకా మడువు" అంటుంది. అదే వారం భాషాచరిత్ర క్లాసులో మేడమ్ బోర్డు మీద ఴ రాశారు, మీకు గుర్తుండే ఉంటుంది. నన్నయకు ముందరి శాసనాల్లో మనకీ ఈ అక్షరం ఉండేదని, తర్వాత పోయిందని, కొన్ని మాటల్లో డ అయిందని చెప్పారు. మీరంతా నోట్సు రాసుకుంటున్నారు. నాకు వెనక బెంచీలో ఒళ్లు ఝల్లుమంది. ఆ రాత్రి చిన్ని పుస్తకం తీసి ఇద్దరం వెతికాం. వాళ్ల కోఴి మన కోడి. వాళ్ల ఏఴు మన ఏడు. వాళ్ల నిఴల్ మన నీడ. చోఴులు, చోడులు. చిన్ని అన్నీ విని, "మనది పోతే వాళ్ల దగ్గర భద్రంగా ఉండాదా? మళ్లీ ఇమ్మని అడగొచ్చు గదా!" అంది. అత్తమ్మ పక్క మీద నుంచి "ఇంక పండుకోండి మే ఇద్దరూ" అని కేకేసింది.

చిన్ని ఇప్పుడు క్లాసులో నిద్రపోవడం లేదు. లెక్కల్లో మాత్రం వెనకే ఉంది. నేను అలంకారాల్లో వెనకే ఉన్నాను. ఇద్దరికీ మార్చిలో పరీక్షలు.

నిన్న రాత్రి డైరీ నేనొక్కదాన్నే చదివాను. చిన్ని స్నానానికి పోయింది, అడగడానికి ఎవరూ లేరు. రెండు వాక్యాలకి మూడు నిమిషాలు పట్టింది. రేపు డ్రాయింగు క్లాసుంది, తెల్ల చార్టు ఒకటి పంపండి అని ఉంది. సంతకం పెట్టి, సందు చివర కొట్టుకి పోయి చార్టు తెచ్చాను. దానికి సగం చాలంది. ఇది రాసింది మిగిలిన సగం మీద.