అత్తాకోడళ్ల సంగమం

ఒకటి పచ్చగా, మరొకటి మట్టిరంగులో... రెండు నదులూ ఒకే రాతిమెట్ల దగ్గర చేయీచేయీ కలుపుతాయి. గంగ అన్న పేరు మొదలయ్యేది ఆ మెట్ల దగ్గరే. అదే దేవప్రయాగ!

రుషికేశ్ నుంచి బదరీనాథ్ వెళ్లే దారిలో 70 కిలోమీటర్లు పోయాక ఈ ఊరొస్తుంది. చార్‌ధామ్ యాత్రకు వెళ్లే తెలుగువాళ్లు బస్సు కిటికీల్లోంచి లోయలోకి తొంగిచూసేది ఇక్కడే. గోముఖ్ నుంచి భాగీరథి, సతోపంథ్ మంచు నుంచి అలకనంద వస్తాయి. స్థానికులకు భాగీరథి అత్త, అలకనంద కోడలు. అత్త రుసరుసలాడుతూ వస్తుంది, కోడలు చప్పుడు లేకుండా వస్తుంది. ఎక్కువ నీళ్లు మోసుకొచ్చేది మాత్రం కోడలే!

వరసలు పాతవే, తీరు మారింది. ఎగువన భాగీరథి మీద 260.5 మీటర్ల ఎత్తున టెహ్రీ ఆనకట్ట కట్టారు. 2005 అక్టోబరులో చివరి సొరంగం మూశారు. పాత టెహ్రీ పట్టణం నీళ్లలో కలిసిపోయింది. కొండల నుంచి నది తెచ్చే ఇసుక, బురద ఆ జలాశయంలోనే అడుక్కి దిగుతున్నాయి. కిందికి వదిలేది తేరుకున్న నీరు. అందుకే వానాకాలంలో అలకనంద చిక్కటి టీలా పొర్లుతుంటే, పక్కనే అత్తగారు పచ్చగా మెరుస్తుంటుంది. అలకనంద మీదా శ్రీనగర్ దగ్గర 330 మెగావాట్ల ప్రాజెక్టు 2015లో మొదలైంది కానీ, టెహ్రీ అంత నీటిని అది నిలవ చేయదు.

రెండింటినీ సీసాల్లో పట్టి పరీక్షిస్తే రసాయనాల్లో పెద్ద తేడా కనిపించదు. రెండూ సున్నపురాళ్లను కరిగించుకుంటూ వచ్చినవే కాబట్టి రెండింటిదీ కాస్త క్షారగుణం. అసలు తేడా మట్టిలో, వేగంలో, చల్లదనంలో. నీరు ఎంత చల్లగా ఉంటే అంత ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. సముద్రమట్టం దగ్గర లెక్కేస్తే 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాముల పైచిలుకు, 30 డిగ్రీల్లో ఏడున్నరే.

ఈ లెక్కలు చేపలకు ప్రాణసమానం. ఇక్కడి అసేలా చేపకు నోరు కిందివైపు ఉంటుంది. రాళ్లకు పట్టిన పాచిని గీక్కుని తింటుంది. ఎండ అడుగుదాకా దిగితేనే పాచి పెరుగుతుంది కాబట్టి తేట నీరు దానికి మంచిదే అనిపిస్తుంది. కానీ బురదతోపాటు గులకరాళ్లూ ఆనకట్ట వెనకే ఆగిపోతున్నాయి. మరి గుడ్లు పెట్టడానికి గులకనేల ఏది? మహసీర్ కష్టం వేరు. వానలు పడగానే అది ఎదురీది ఎగువకు పోవాలి. భాగీరథిలో ముందు కోటేశ్వర్ ఆనకట్ట, ఆ పైన టెహ్రీ. ఆ ఎత్తు ఏ చేపా ఎక్కలేదు.

సంగమంలో దిగేవాళ్లు రాతికి బిగించిన గొలుసులు వదలకూడదు. పైన రఘునాథ ఆలయం ఉంది. రెండు రంగుల గీత బాగా తేలేది వానాకాలంలోనే. అయితే ఆ దారిలో కొండచరియలు విరిగిపడే కాలమూ అదే.